రెండుంబావు మనిషి

"కుక్కని పట్టుకోండి!"
గోబీలో ఏ గుడారం ముందు ఆగినా
మొదటి పలకరింపు ఇదే.
ఆ తర్వాతే క్షేమసమాచారం,
ఆ తర్వాతే నా మెడలో గుర్తింపు కార్డు,
ఆ తర్వాతెప్పుడో
రాబోయే ఎన్నికల్లో మీ ఓటెవరికి.

ప్రతి ఐదో గుడారం, అన్నారు
ఉలాన్‌బాతర్‌లో శిక్షణ ఇచ్చినవాళ్ళు.
నాలుక్కీ ఐదుకీ మధ్య
ఇరవై రెండు కిలోమీటర్లుంటుందని
వాళ్ళు గోడమీద వేసిన బొమ్మలో లేదు.
మ్యాపులో ఉన్న ఐదోది
మొన్నటి గాలిదుమారానికి ముందే
నీలం లారీ ఎక్కి వెళ్ళిపోయింది.
గడ్డిమీద గుండ్రటి మచ్చ మిగిలింది.
డ్రైవర్ చోయ్‌జిల్ దాని చుట్టూ ఓసారి తిరిగొచ్చి
"వీళ్ళు చెప్పలేం అన్నారని రాసుకో" అన్నాడు.

చివరికి దొరికినవాడి పేరు పుంత్సగ్. ముప్పై నాలుగేళ్ళు.
ఉప్పేసిన పాలటీ పోశాడు.
రాయిలాంటి ఎండుపెరుగు ముక్క చేతిలో పెట్టాడు,
అది నోట్లో నానేదాకా
నేనేమీ అడగలేనని తెలిసే పెట్టినట్టున్నాడు.

దేశం సరైన దారిలో వెళ్తోందా, తప్పు దారిలోనా?
తలుపు తెరిచి బయటికి చూపించాడు.
మైదానం నిండా చక్రాల గాట్లు, ఇరవయ్యో ముప్ఫయ్యో.
"ఒకటి గుంతలు పడితే పక్కన ఇంకోటి తొక్కుతాం.
అన్నీ మందల్‌గోబికే పోతాయి.
గడ్డే మిగలదు.
ఇందులో తప్పు దారి ఏది చెల్లీ?"
నా తెరమీద రెండే గడులు.

బొగ్గు గనుల మీద పన్ను పెంచాలా?
పెంచాలి.
పశువుకింత అని పన్ను?
"ఈ చలికి రెండొందలు పోయాయి.
పోయినవాటికీ కట్టాలేమో కనుక్కో."
సరిహద్దు దాకా రైలుమార్గం?
వెయ్యనీ, గొర్రెలు దాటేచోట వంతెన కట్టి.
గట్టిగా సమర్థిస్తారా, కొంతవరకా?
"గొర్రెల్ని బట్టి."

ఓటెవరికో మాత్రం టక్కున చెప్పాడు.
నొక్కాను.

అక్కడితో లేవాల్సింది.
టీ వేడికో, పొద్దుట్నించీ చోయ్‌జిల్ గొంతు తప్ప
ఇంకో గొంతు వినకపోవడానికో
చెప్పొద్దన్న మాట నోరుజారాను:
మీ వయసు మగవాళ్ళు ఇటువైపు మాకు చాలినంతమంది దొరకరు.
అందుకని మీ మాటకి బరువు కడతారు.
పోయినసారి రెండుంబావు పడింది.
లెక్కలో మీరొక్కరే రెండుంబావు మంది.

నవ్వుతాడనుకున్నా.
తూకంరాయి చేతికిచ్చినట్టు అరచెయ్యి చూసుకున్నాడు.
"మిగతా ఒకటింబావు ఎవరు?"

నా దగ్గర జవాబు లేదు.
అతనే వెతుక్కున్నాడు.
"ఒకటి మా అన్న అయ్యుండాలి.
మంచులో మందని వెతుకుతూ పోయాడు.
జాబితాలో పేరింకా ఉంది.
గెలిచేవాడికి వాడు జన్మలో వెయ్యలేదు.
పావంటే..."
పొయ్యిలోకి ఎండుపేడ ఎగదోశాడు.
"పావు మా ఆవిడ.
పట్నంలో ఆస్పత్రి వంటింట్లో పని. నెలకో వారం వస్తుంది.
ఓటు సంగతి నాతో ఎప్పుడూ అనదు."

కుక్క రెండుసార్లు మొరిగి ఊరుకుంది.

"ఇందాక చెప్పింది కొట్టెయ్యి.
నా ఒక్కడి మాటే కదాని చెప్పాను."

ఇంకా తేల్చుకోలేదు, అన్న గడి నొక్కాను.
రెండుంబావు సార్లు తేల్చుకోలేదు.

పదిరోజుల తర్వాత టీవీలో
బూడిదరంగు పట్టీ కాస్త పొడుగవుతుంది.
మెడ బిగిసిన కోటాయన
"దూరప్రాంతాల్లో రాజకీయాలంటే ఆసక్తి తగ్గుతోంది" అంటాడు,
మూడు శాతం అటో ఇటో.

అదంతా తర్వాత.
ఆ సాయంత్రం కదిలిపోతున్న జీపులో,
కుక్క మట్టిలో ఇంకా వెంటపడుతుండగా,
ప్రశ్నలు వేసినవాళ్ళు మాత్రమే నింపే ఆఖరి పేజీ తెరిచాను.
జవాబిచ్చే సమయంలో మరెవరైనా దగ్గరున్నారా?

ఉన్నారు, అని నొక్కాను.

ఎంతమంది? అంది.

ఆ గడి పూర్ణాంకాలే తీసుకుంటుంది.